మీసం స్పందిస్తే ఆ వాసన పురుగుకు ఇష్టమనేనా?

నర్సంపేట వైపు నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. ఇంట్లో పత్తి, మిరప వేస్తారు. మీరు ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉన్నారు. చేలో పెట్టిన లింగాకర్షక బుట్టల్లో మగ రెక్కల పురుగులే పడుతున్నాయి, గుడ్లు పెట్టేదేమో ఆడవి. అందుకని పత్తి ఆకు వాసనలో ఉండే రసాయనాలను ఒక్కొక్కటిగా ఆడ పురుగు మీసం మీద ఈఏజీ యంత్రంతో (వాసన తగిలినప్పుడు మీసంలో పుట్టే విద్యుత్ మార్పును కొలిచేది) పరీక్షించి, దేనికి ఎక్కువ స్పందన వస్తే దాన్ని బుట్టలో ఎరగా పెట్టాలనుకుంటున్నారు. అలా పెడితే ఆడవి పడతాయా?

ఆ ఒక్క ఆధారంతో పెడితే చాలావరకు పడవు. మీసం స్పందించిందంటే ఆ వాసన పురుగుకు అందింది అని మాత్రమే అర్థం. దాని దగ్గరికి వస్తుందా, దూరం పోతుందా, అసలు పట్టించుకోదా అన్నది ఈఏజీ చెప్పదు. మన ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య నిలబడితే ముక్కు ఎంత గట్టిగా స్పందిస్తుందో మీకు తెలుసు. అక్కడే కూర్చుని అన్నం తినాలని మాత్రం ఎవరికీ అనిపించదు. పురుగు విషయంలోనూ అంతే.

అయితే మీ ఆలోచన వృథా అని మాత్రం అనుకోకండి. ఆడవాటిని పట్టాలన్న పట్టుదల సరైనదే. ఒక మగ పురుగు చాలా ఆడవాటితో జతకట్టగలదు, కాబట్టి బుట్టలో కొన్ని మగవి పడ్డంత మాత్రాన చేలో గుడ్లు తగ్గవు. పురుగు ఎప్పుడు మొదలైంది, ఎంత ఉధృతంగా ఉంది అని తెలుసుకోవడానికే ఆ బుట్టలు ఎక్కువ పనికొస్తాయి. గులాబీ రంగు పురుగుకైతే వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందు సంగతి ఆలోచించాలని చెప్పేది అందుకే. ఆడవాటి కోసం మొక్క వాసనల వైపు చూడటం మంచి దారి. ఈఏజీ ఆ దారిలో మొదటి మెట్టు.

ఇక మీసంలో ఏం జరుగుతుందో చూద్దాం. చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి పట్టు పెంచేవాళ్ళ దగ్గరికి ఎప్పుడైనా వెళ్తే, గూడు చీల్చుకొని బయటికి వచ్చిన మగ పురుగును చేతిలోకి తీసుకొని చూడండి. మీసాలు పక్షి ఈకల్లా వెడల్పుగా ఉంటాయి. ఆడదానివి సన్నగా ఉంటాయి. పత్తి మీదికి వచ్చే పచ్చ పురుగు, లద్దె పురుగుల రెక్కల పురుగులకు మీసాలు దారంలా ఉంటాయి, కానీ లోపలి ఏర్పాటు ఒకటే. మీసం నిండా సన్నని రోమాలు, ఒక్కో రోమం పైపొరలో కంటికి కనిపించని రంధ్రాలు. గాలిలో వచ్చిన వాసన అణువు ఆ రంధ్రం గుండా లోపలికి జారుతుంది. లోపల నీటిలాంటి ద్రవం ఉంటుంది. మొక్కల వాసనలు చాలావరకు నూనె స్వభావం ఉన్నవి, నీటిలో సులభంగా కరగవు. వాటిని పట్టుకొని మోసుకెళ్ళే ప్రోటీన్లు ఆ ద్రవంలో ఉంటాయి. 1981లో ఇలాంటి ప్రోటీన్‌ను మొదట గుర్తించింది మన దసలి పురుగుకు అమెరికా బంధువులాంటి పట్టు పురుగులోనే. అణువు నాడీకణం మీద ఉన్న గ్రాహకానికి తగలగానే అయాన్ల దారి తెరుచుకుంటుంది, చిన్న విద్యుత్ మార్పు పుడుతుంది. ఆ వెంటనే ఎంజైములు పాత అణువులను విరిచేస్తాయి. లేకపోతే ఒకసారి పట్టిన వాసన అలాగే ఉండిపోతుంది, తర్వాతి గాలి తెరలో ఏముందో పురుగుకు తెలియదు.

ఇది ఎంత సున్నితమో చెప్పడానికి పట్టు పురుగే మంచి ఉదాహరణ. ఆడ పురుగు మగదాన్ని పిలిచే వాసన బాంబికాల్. దాన్ని 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ బృందం వేరు చేసింది. అందుకు దాదాపు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు కావలసి వచ్చాయి. అంత తక్కువగా ఉండే పదార్థంలో ఒక్క అణువు తగిలినా మగ పురుగు నాడీకణం స్పందించగలదు. దానికి రెండేళ్ళ ముందే, 1957లో, అదే దేశంలో డీట్రిష్ ష్నైడర్ పట్టు పురుగు మీసం రెండు చివరలకు ఎలక్ట్రోడ్లు పెట్టి వోల్టేజి మార్పును నమోదు చేశాడు. మీరు వాడబోయే ఈఏజీ ఆ పద్ధతే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈఏజీలో కనిపించే గీత ఒక్క నాడీకణానిది కాదు. మీసంలో ఉన్న వేల కణాల స్పందన కలగలిపి ఒక మొత్తంగా వస్తుంది. మేడారం జాతరను అరమైలు దూరం నుంచి విన్నట్టు. హోరు పెద్దదా చిన్నదా తెలుస్తుంది, ఎవరు ఏమంటున్నారో తెలియదు. ఒక వాసనకు గీత లోతుగా దిగిందంటే దాన్ని పట్టే కణాలు ఎక్కువ ఉండొచ్చు. చిన్నగా దిగిందంటే తక్కువ ఉండొచ్చు. కానీ కొద్దిపాటి కణాలే పురుగును ఒక మొక్క వైపు తిప్పేవి కావచ్చు. ఆ నిర్ణయం మీసంలో జరగదు. మీసం నుంచి వచ్చిన నాడులు మెదడులో చిన్న చిన్న ఉండల్లాంటి చోట్ల కలుస్తాయి. అక్కడి నుంచి, పురుగు ఆకలితో ఉందా, జతకట్టిందా, ఏ సమయం అన్నవాటితో కలిపి నిర్ణయం పుడుతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కింద లద్దె పురుగు ఆడవాటి మీద ఆముదం, పత్తి ఆకుల వాసనలు పరీక్షించాను. పచ్చి గడ్డి కోసినప్పుడు వచ్చే వాసన ఉంటుంది కదా, ఆకు నలిగితే వచ్చే ఆరు కార్బన్ల ఆల్కహాళ్ళు, ఆల్డిహైడ్లు, హెక్సెనైల్ ఎసిటేట్ లాంటివి. వాటికి వచ్చిన స్పందన మిగతా అన్నిటికంటే పెద్దది. సంతోషంగా వాటినే రబ్బరు బిరడాల్లో నింపి పరకాల వైపు ఒక రైతు పత్తి చేలో బుట్టలు కట్టాం. మూడు వారాలు రోజూ పొద్దున్నే వెళ్ళి చూశాను. ఎర పెట్టిన బుట్టకూ ఖాళీ బుట్టకూ తేడా లేదు. ఆ రైతు ఒక మాటన్నాడు: "చేను మొత్తం అదే వాసన కొడుతుంటే మీ డబ్బా దగ్గరికి ఎందుకొస్తది సార్?" ఆ మాట నేను చదివిన ఎన్నో పేజీల కంటే బాగా అర్థమైంది. ఆకు వాసన ప్రతి మొక్క నుంచీ వస్తుంది. ఆ సముద్రంలో మన బుట్ట ఒక చుక్క.

ఇంకో తప్పు కూడా నేను ఆ పనిలోనే చేశాను, మీరు చేయకండి. అన్ని రసాయనాలనూ వడపోత కాగితం ముక్క మీద సమానంగా 10 మైక్రోగ్రాములు వేసి పోల్చాను. కాగితం మీద సమానంగా వేస్తే గాలిలో సమానంగా ఉన్నట్టు కాదు. ఆకు వాసనల్లోని చిన్న అణువులు క్షణాల్లో ఆవిరవుతాయి. కారియోఫిలిన్ లాంటి బరువైనవి నెమ్మదిగా లేస్తాయి. కాబట్టి మొదటి రకానికి పెద్ద స్పందన వచ్చిందంటే, మీసం దాన్ని ఇష్టపడిందనే కాదు, మీసానికి చేరిన అణువులే ఎక్కువ అని కూడా కావచ్చు. ఒక్కోదానికి ఆవిరి పీడనాన్ని, అంటే అది ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చెప్పే కొలతను, లెక్కలోకి తీసుకోవాలి, లేదా కనీసం 0.1 నుంచి 100 మైక్రోగ్రాముల దాకా పదింతలు పెంచుతూ, స్పందన ఎలా మారిందో చూపే మోతాదు గీత గీయాలి. ఒకే మోతాదు పట్టిక చూసి ఏమీ తేల్చకండి.

పురుగు మొక్కను ఒక్క రసాయనంతో గుర్తించదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. లినలూల్ అనే వాసన రసాయనం బంతిలోనూ ఉండొచ్చు, తులసిలోనూ ఉండొచ్చు. మొక్కల వాసనల్లో చాలావరకు అన్నిట్లో దొరికేవే. తేడా పాళ్ళలో ఉంటుంది. పులిహోరలోనూ పప్పుచారులోనూ చింతపండు ఉంటుంది, కళ్ళు మూసుకున్నా ఏది ఏదో మనకు తెలుస్తుంది కదా. అదీగాక గాలిలో వాసన దుప్పటిలా పరుచుకొని రాదు, తెరలు తెరలుగా, పోగులు పోగులుగా వస్తుంది. రెండు వాసనలు ఒకే పోగులో వచ్చాయా, ఒక మిల్లీమీటరు ఎడంగా వచ్చాయా అన్నది కూడా పచ్చ పురుగు జాతి రెక్కల పురుగులు పసిగట్టగలవు. అంటే ఇవి ఒకే మొక్క నుంచి వచ్చాయా, పక్కపక్క మొక్కల నుంచా అని తేల్చుకోగలవన్నమాట. అందుకే విడివిడిగా పరీక్షిస్తే స్పందన చిన్నగా ఉన్న నాలుగు రసాయనాలు సరైన పాళ్ళలో కలిస్తే పురుగును లాగవచ్చు. విడిగా పెద్దగా వచ్చినది ఒంటరిగా ఏమీ చేయకపోవచ్చు.

అయితే ఏ రసాయనాలతో మొదలుపెట్టాలి? మొక్క వాసనలో వంద దాకా ఉంటాయి. ఇక్కడ ఈఏజీ నిజంగా అక్కరకొస్తుంది. వాసనను విడివిడి రసాయనాలుగా వేరుచేసే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ యంత్రం నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని రెండుగా చీల్చి, ఒకటి యంత్రం డిటెక్టరుకు, రెండోది మీసం మీదికి పంపుతారు. మొక్క వాసన ఒక్కో ముక్కగా వస్తుంటే మీసం దేనికి స్పందించిందో పక్కపక్కనే కనిపిస్తుంది. వందలో పదో ఇరవయ్యో మిగులుతాయి. ఈఏజీ అసలు పని ఈ జల్లెడ పట్టడమే. విజేతను ప్రకటించడం దాని పని కాదు. మీ కాలేజీలో ఆ జోడింపు లేకపోతే బెంగపడకండి. ఇప్పటికే ప్రచురితమైన పత్తి వాసనల జాబితా నుంచి పది తీసుకొని చేసినా ఎమ్మెస్సీకి సరిపోయే మంచి పని అవుతుంది.

ఏ స్థితిలో ఉన్న పురుగు మీద చేస్తున్నారన్నదాంట్లో చాలా ఉంది. మన లద్దె పురుగుకు దగ్గరి చుట్టమైన స్పోడోప్టెరా లిట్టొరాలిస్ మీద చేసిన పని ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. జతకట్టని ఆడవి తేనె కోసం పూల వాసన వైపు వెళ్తాయి. జతకట్టాక అవే ఆడవి పూలను వదిలి పత్తి ఆకు వాసన వైపు తిరుగుతాయి. పురుగు అదే, మీసమూ అదే, అవసరం మారింది. కాబట్టి మీ నోట్‌బుక్‌లో 'ఆడ' అని రాస్తే చాలదు. వయసెంత, జతకట్టిందా లేదా, పొద్దున పరీక్షించారా పొద్దుపోయాకా, చేలో నుంచి తెచ్చిందా, ల్యాబులో శనగపిండి ఆహారం మీద ఎన్ని తరాలుగా పెరిగిందా అన్నీ రాయాలి.

మొక్క వైపు కూడా అంతే శ్రద్ధ కావాలి. పత్తి ఆకును ఎండకు ఎత్తి చూస్తే నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి గ్రంథులు. వాటిలో పైనీన్, కారియోఫిలిన్ లాంటివి నిల్వ ఉంటాయి, ఆకు చిరిగిన క్షణానే బయటికొస్తాయి. కానీ లద్దె పురుగు కొరికిన మొక్క మరికొన్ని గంటల తర్వాత, ఎక్కువగా పగటి వేళ, ఒసిమీన్, లినలూల్, ఇండోల్ లాంటివి కొత్తగా తయారుచేసి వదులుతుంది. వీటిలో ఒసిమీన్, లినలూల్ కొరకని ఆకుల నుంచి కూడా వస్తాయి. ఆ వాసన పట్టుకొని పరాన్నజీవి కందిరీగలు లద్దె పురుగును వెతుక్కుంటూ వస్తాయి. పొగాకు మొక్క ఇంకా ఆశ్చర్యం. పురుగు తింటున్న మొక్క రాత్రి పూట మాత్రమే వదిలే కొన్ని వాసనలు గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి పురుగులను వెనక్కి పంపుతాయని 2001లో తేలింది. తల్లి పురుగు మీసం ఆ వాసనలను పట్టకపోతే వెనక్కి తిరగలేదు కదా. అంటే మీసం స్పందించే వాసనల్లో 'రావద్దు' అని చెప్పేవీ ఉన్నాయి. మీరు ఆకులు తెంపి సంచిలో వేసి వాసన సేకరిస్తే దెబ్బతిన్న ఆకు వాసన వస్తుంది. మొక్క కుండీలో ఉండగానే, తెంపకుండా, కొమ్మకు బేకింగ్ కవర్ తొడిగి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా సేకరించండి. తల్లి పురుగులు తిరిగే వేళ అదే.

ల్యాబులో నేను దెబ్బతిన్న విషయాలు కొన్ని. మే నెలలో మన ఎండలకు కోసిన మీసం పది నిమిషాల్లో ఎండిపోయేది, స్పందన పడిపోతుంటే రసాయనం పనిచేయడం లేదని రాసుకున్నాను. మీసం మీదికి వెళ్ళే గాలిని బొగ్గు గుండా వడకట్టి, నీళ్ళ సీసా గుండా పంపి తడి చేయాలి. ప్రతి నాలుగైదు పరీక్షలకు ఒకసారి ఒకే ప్రామాణిక వాసన ఇవ్వండి. దాని స్పందన ఎంత తగ్గిందో చూసి మిగతావాటిని సరిచేయొచ్చు. రసాయనం కలపని ఉత్త హెక్సేన్ (రసాయనాలను కరిగించే ద్రావకం) వేసి ఆరబెట్టిన కాగితం కూడా ప్రతిసారీ పెట్టాలి, ఎందుకంటే గాలి ఊదిన తాకిడికే మీసం కొంత స్పందిస్తుంది. ఊదడం అర సెకను చాలు, మళ్ళీ ఊదే ముందు కనీసం ఒక నిమిషం ఆగండి, లేకపోతే మీసం అలవాటు పడిపోతుంది. ఒకసారి పక్క గదిలో అగరొత్తులు వెలిగించారని తెలియక రెండు రోజుల రీడింగులు పారేయాల్సి వచ్చింది. సెంటు, హ్యాండ్ క్రీమ్, బీరువాలో కలరా ఉండలు ఏవీ ఆ గదిలో ఉండకూడదు. గీత నిండా సన్నని వణుకు కనిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఎర్తింగ్ చూసుకోండి, ఇనుప జాలీ పెట్టె లోపల పెట్టండి, ట్యూబ్‌లైట్ ఆపండి.

మీసం తర్వాత పురుగును అడగాలి. పురుగు వాసన వైపు ఎగురుతుందో లేదో చూసే గాలి సొరంగం లేకపోతే దోమతెరతో గది అంత పందిరి వేసుకోండి. లోపల రెండు మూలల్లో రెండు కుండీలు, ఒకదాని పక్కన మీ మిశ్రమం, ఇంకోదాని పక్కన ఉత్త ద్రావకం. జతకట్టిన పది ఆడవాటిని సాయంత్రం వదిలి పొద్దున గుడ్లు లెక్కపెట్టండి. మరుసటి రాత్రి కుండీల స్థానాలు మార్చండి. ఇది మరిచిపోతే కిటికీ వైపు ఉన్న మొక్కే గెలుస్తుంది.

ఎరగా పెట్టదలిస్తే ఆకు వాసనల కంటే పూల వాసనల వైపు మొగ్గండి. ఫినైల్ అసిటాల్డిహైడ్ అనే పూల వాసన చాలా జాతుల రెక్కల పురుగులను, ఆడవాటితో సహా, బుట్టలోకి రప్పిస్తుంది. ఆస్ట్రేలియాలో పీటర్ గ్రెగ్, ఆలిస్ డెల్ సొకోరో పత్తి మీది పచ్చ పురుగు కోసం మొక్కల వాసనల మిశ్రమం తయారుచేస్తే అది మాగ్నెట్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. పురుగుమందు కలిపి చేలో కొన్ని సాళ్ళకే వేస్తారు, పురుగులు దాన్ని తాగి చస్తాయి. అందులో ఒక్క రసాయనం కాదు, మిశ్రమమే ఉంది. ఒక హెచ్చరిక: పూల వాసనకు తేనెటీగలు కూడా వస్తాయి. బుట్టలో ఏమేం పడ్డాయో అన్నీ లెక్కపెట్టండి, తేనెటీగలు పడుతుంటే ఆ ఎరను చేలోకి తీసుకెళ్ళకండి.

మీ నాన్నగారి చేను సంగతి. రసాయన సీసాలు లేకుండానే మన రైతులు ఇదే సూత్రం వాడుతున్నారు. పచ్చ పురుగుకు బంతి, లద్దె పురుగుకు ఆముదం ఎర పంటగా వేస్తారు. బతుకమ్మకు బంతిపూలు తెంపేటప్పుడు రేకుల మధ్య పచ్చ పురుగు చేతికి తగలని ఆడవాళ్ళు మన జిల్లాలో ఉండరు. బంతి మొగ్గ, పూవు తల్లి పురుగును ఎంతగా పిలుస్తాయో దానికంటే వేరే రుజువు అక్కర్లేదు. టమాటాలో 16 వరుసలకు ఒక వరుస బంతి వేయమంటారు, అదీ టమాటా నారు కంటే ముదురు బంతి నారు. రెండూ ఒకేసారి పూతకు రావాలని. పత్తిలోనూ ఆ లెక్క చూసుకోవాలి, పత్తి పూత అయిపోయాక బంతి పూస్తే లాభం లేదు. ఆముదం ఆకు మీద గుడ్ల కుప్పలు, పిల్ల పురుగులు గీకి తిన్న జల్లెడాకు కనిపించగానే తుంచి నాశనం చేయాలి. చూడకుండా వదిలేస్తే ఎర పంట పురుగుల నర్సరీ అవుతుంది. ఇక వేప నూనె వాసనకు పురుగు రాదని కొందరు నమ్ముతారు. వేపలో అసలు పనిచేసే అజాడిరాక్టిన్ ఆవిరయ్యే పదార్థం కాదు. లద్దె పురుగు తింటే దాని ఆకలి, ఎదుగుదల దెబ్బతింటాయి. కాబట్టి చిన్న పురుగులు ఉన్నప్పుడు ఆకు తడిసేలా కొట్టాలి, వాసన మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. 1997-98లో మన జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడ్డప్పుడు మందు మీద మందు కొట్టి, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతుల ఊళ్ళు నేను తిరిగాను. తల్లి పురుగు గుడ్డు పెట్టకముందే దాన్ని దారి మళ్ళించగలిగితే ఎన్ని డబ్బాల మందు మిగిలేదో అని అప్పటి నుంచి నా మనసులో ఉంది. మీలాంటివాళ్ళు ఈ పని ఎత్తుకుంటే నాకు నిజంగా ఆనందం.

మొదటి రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టండి. సగటులు వద్దు, ఒక్కో మీసానికి వచ్చిన మిల్లీవోల్టులు, ప్రామాణిక వాసన రీడింగులు, ఉత్త ద్రావకం రీడింగులు, పురుగు వయసు, పరీక్షించిన సమయం పెట్టండి. మోతాదు గీత కూడా ఉంటే ఏ నాలుగైదు రసాయనాలు పందిరిలోకి తీసుకెళ్ళొచ్చో కూర్చుని చూద్దాం.